బార్సిలోనా: కాపురముండువారికి కనిపించు కళ

పరదేశమునకు పోయినవారు అచ్చటి కళను రెండు విధములుగ చూడవచ్చును. యాత్రికుడై పోయినవాడు పుస్తకములలో పేరు వినిన కట్టడములను వరుసగా దర్శించి, వాటి యెదుట నిలిచి ఆశ్చర్యపడి, మరునాడు మరియొక నగరమునకు సాగిపోవును. అచ్చటనే కాపురముండువాడు మాత్రము ఆ కట్టడముల ప్రక్కనుండియే కూరగాయల సంచి పట్టుకొని నడచును. వాన వచ్చినపుడు వాటి చూరుల క్రింద నిలుచును. వాటి మెట్లెక్కి దిగును. మొదటివానికి దొరకునది ఆశ్చర్యము, రెండవవానికి దొరకునది కారణము. ఈ గోడ ఏల వంగినది, ఈ కిటికీ ఏల చిన్నదైనది, ఈ వీథి మూల ఏల కోసివేయబడినది అను ప్రశ్నలు ఒకే త్రోవను పదేపదే నడచువానికి గాని తోచవు. వాటికి సమాధానము దొరికిననాడు గాని పరదేశపు కళ మనకు స్వంతము కాదు. స్పెయిన్ దేశమున, మధ్యధరా సముద్రతీరమున, కతలోనియా ప్రాంతమునకు రాజధానియై వెలయుచున్న బార్సిలోనా నగరమున కొంతకాలము నివసించిన నాకు కలిగిన ఈ విశ్వాసమును, ఆ నగరమునుండియే నిదర్శనములు తీసి పాఠకులకు నివేదింపదలచితిని.

ఏ నగరమునైనను తెలిసికొనవలెనన్న ముందుగా దాని వీథులను చదువవలెను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలము వరకు బార్సిలోనా మధ్యయుగపు కోటగోడల నడుమ బిగించబడి యుండెను. జనులు పెరిగిరి, మిల్లులు పెరిగినవి, కాని గోడ వెలుపల ఇల్లు కట్టుకొనుటకు అనుమతి లేదు. గాలి చొరని సందులలో అంతస్తుపై అంతస్తు వేసికొని బ్రతుకుచుండగా కలరా వంటి అంటురోగములు మాటిమాటికి చెలరేగి వేలకొలది ప్రాణములను హరించినవి. 1854లో ఆ గోడలను పడగొట్ట నారంభించిరి. వెలుపలి మైదానమునందు కట్టవలసిన క్రొత్త నగరమునకు ఇల్దెఫోన్స్ సెర్దా అను ఇంజనీరు రచించిన ప్రణాళిక 1859లో ప్రభుత్వామోదము పొందెను. ఎషాంప్లా అని పిలువబడు ఈ భాగమున వీథులు చదరంగపు గళ్లవలె సాగును. ఒక్కొక్క బ్లాకు ప్రక్క కొలత సుమారు 113 మీటర్లు. సామాన్యమైన వీథి వెడల్పు 20 మీటర్లు. ప్రతి బ్లాకునకును నాలుగు మూలలు ఏటవాలుగ కోయబడి యుండును.

విమానమునుండి చూచువారికి ఇది ఒక అందమైన నమూనాగా తోచును. కాని సెర్దా గీతలు గీయుటకు పూర్వము కార్మికుల కూలి, తిండి, ఇంటి వసతి, ఆయుర్దాయము మొదలగువానిని లెక్కలు కట్టి పరిశీలించినవాడు. ప్రతి యింటికి ఏదో యొక వేళ ఎండ తగులునట్లు అతడు వీథులను దిక్కులకు ఏటవాలుగ త్రిప్పెను. నాలుగు వీథులు కలియుచోట బండ్లు సులువుగ తిరుగునట్లును, ఎదుట వచ్చునది కనబడునట్లును, మూలలు కోయుటచే ప్రతి కూడలియు ఎనిమిది ప్రక్కల చిన్న మైదానమైనది. బ్లాకు నడుమ తోటలుండవలెననియు, కట్టడములు రెండు ప్రక్కలనే లేవవలెననియు అతడు తలచెను గాని, స్థలముల యజమానులు నాలుగు ప్రక్కలను కట్టివేసి, తోటలను గోదాములచేత నింపివేసిరి. నేటి నగరపాలకులు కొన్ని వీథులనుండి మోటారు బండ్లను తొలగించి, చెట్లు నాటి, బల్లలు వేసి, పిల్లల యాటలకు విడిచిపెట్టుచున్నారన్నచో, అది సెర్దా కన్న కలలో ఒక భాగమును నూటయేబది యేండ్లకు పైబడి గడచిన పిమ్మట నెరవేర్చుటయే.

వీథినుండి ఇంటిలోనికి వత్తము. ఎషాంప్లాలో నేనద్దెకున్న పాతయింటి నేల రంగురంగుల సిమెంటు పలకలతో పరచబడి యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి ఈ నగరపు మధ్యతరగతి ఇండ్లలో పెక్కింట ఇట్టి పలకలే. లోహపు అచ్చులో గడులు గడులుగ నున్న రేకు చట్రమును దింపి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు కలిపిన పలుచని సిమెంటును పోసి, చట్రమును మెల్లగ పైకెత్తి, దానిపై పొడి సిమెంటును చల్లి, యంత్రముచేత గట్టిగ అదిమి, నీటిలో నానబెట్టి ఆరనిత్తురు. కొలిమిలో కాల్చుట యుండదు. రంగు పైపూత కాక కొన్ని మిల్లీమీటర్ల మందమున లోనికి దిగియుండును గనుక, తరములు నడచినను చిత్రము చెరగదు. నా గదిలో తివాసి అంచువలె ఒక తీగల పట్టీ గోడ వెంబడి సాగుచు, నడుమ అకస్మాత్తుగ అడ్డముగ పోయి, రెండవ ప్రక్కన మరియొక నమూనాతో కలియుచుండెను. కారణము కొన్నాళ్లకు బోధపడినది: అచ్చట నొకప్పుడు గోడ యుండెను, రెండు గదులను ఒకటి చేసినవారు గోడను తీసివేసిరి గాని నేలను ముట్టుకొనలేదు. వంటయింటి పొయ్యి యెదుట, వాకిలి గడప యొద్ద పలకలు నునుపుదేరి పల్లమైనవి. ఆ యింటి కాపురముల చరిత్ర అంతయు ఆ నేలపైననే యున్నది. దానిని చదువుటకు టిక్కెట్టు కొననక్కరలేదు.

వాకిలి దాటి పస్సేజ్ దె గ్రాసియా అను రాజవీథికి వచ్చినచో కాలిబాటయు కళాఖండమే. అచ్చటి ఆరు కోణముల పలకలను అంతోని గౌడీ రూపొందించెను. ఒక్క పలకను చూచిన వంకరగీతలు తప్ప మరేమియు తోచదు. ఏడు పలకలు కలిసినపుడు గాని సముద్రపు నాచు, నక్షత్రమత్స్యము, చుట్టలు తిరిగిన సముద్రజీవుల రూపములు పూర్తిగ అవతరింపవు. తొలుత ఇంటి లోపలి నేలకై కల్పించిన ఈ పలకలను తరువాతి కాలమున నగరము తన పాదచారులకై వీథిలో పరపించెను. ధనికుల గదులలో నుండవలసిన శిల్పము నేడు పాలపొట్లమునకు పోవువాని చెప్పుల క్రింద నున్నది.

ఇదే వీథిలో జూజెప్ బత్యో అను మిల్లు యజమాని పాతయింటిని గౌడీ 1904 మొదలు 1906 వరకు పునర్నిర్మించెను. కాసా బత్యో అను పేర ప్రసిద్ధమైన ఆ యింటి ముఖభాగమున ఎముకలవంటి స్తంభములు, పొలుసులవంటి పైకప్పు చూచుటకు జనులు వీథి నిండ నిలుతురు. నన్నాకర్షించినది అది కాదు, ఇంటి నడిబొడ్డున మెట్ల చుట్టును పైనుండి క్రిందికి దిగు వెలుతురు బావి. దాని గోడలకు నీలిరంగు మెరుగు పలకలు పొదిగినారు. పై అంతస్తున అవి కారునీలము. క్రిందికి దిగిన కొలది రంగు తేలికపడి, అడుగున తెలుపునకు దగ్గరగ వచ్చును. కిటికీలు పైన చిన్నవి, క్రింద పెద్దవి. ఎండ పైభాగమున తీక్ష్ణముగ పడును గనుక అచ్చట ముదురు రంగు వెలుతురును కొంత మ్రింగివేయును. అడుగునకు చేరునది స్వల్పము గనుక అచ్చట లేతరంగు దానిని గదులలోనికి మరలించును, పెద్ద కిటికీలు దానిని స్వీకరించును. ఈ యుపాయముచే పై యంతస్తువానికిని క్రింది యంతస్తువానికిని ఇంచుమించు సమానమైన వెలుతురు లభించును. అడుగున నిలిచి తలయెత్తి చూచినచో బావి అంతయు ఒకే నీలిమగా కనుపట్టును. కిటికీల క్రింద చిన్న చెక్క తలుపులు కలవు; వాటిని తెరచి మూసి గాలిని హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును. మెట్ల కటకటపై చేయి వేసినచో అది వెన్నెముకవలె అలలుగ సాగుచు అరచేతిలో ఇమిడిపోవును. విచిత్రమని లోకమనుకొనిన శిల్పి గాలిని, వెలుతురును, మనుష్యుని చేతిని ఇంత శ్రద్ధగ లెక్కించినవాడని తెలిసిననాడు నాకు గౌడీపై కలిగిన గౌరవము అతని గోపురములను చూచినపుడు కలిగినదానికంటె అధికము.

ఆ గోపురములకును ఇట్టి లెక్కయే ఆధారము. రెండు మేకులకు పూలదండను వ్రేలాడగట్టినచో అది తన బరువునకు తానే ఒక వంపు తిరుగును. ఆ వంపులో దండ యంతయు సాగదీయబడుచుండును, ఎచ్చటను నొక్కబడదు. ఆ రూపమును తలక్రిందులు చేసి రాతితోనో ఇటుకతోనో కట్టినచో, ఆ కట్టడము అంతయు నొక్కబడుచుండును, ఎచ్చటను సాగదీయబడదు. రాయియు ఇటుకయు నొక్కుడును భరించును గాని లాగుడును భరింపవు గనుక, ఇట్టి కమాను తన బరువును తానే భద్రముగ నేలకు దింపగలదు. ఈ సూత్రము పదునేడవ శతాబ్దియందే యూరపున తెలిసినదైనను, గౌడీ దానిని ఒక ఆలయమంతటికి అన్వయింపబూనెను. నగరమునకు వెలుపలనున్న కొలోనియా గ్వెల్ అను మిల్లు కార్మికుల గ్రామమున ఒక ఆలయము కట్టుటకై అతడు దారములను కప్పునుండి వ్రేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులను కట్టి, ఆ జాలము తిరిగిన వంపులను ఛాయాచిత్రములు తీసి, వాటిని తలక్రిందులు చేసి వాటిపై ఆలయమును చిత్రించుకొనెను. ఆ నమూనాకే సుమారు పదియేండ్లు పట్టినవి. 1914లో పని నిలిచిపోగా క్రింది భాగము మాత్రమే మిగిలినది. కాని అచ్చట నేర్చిన పాఠము సగ్రాదా ఫమీలియా అను మహాలయమునకు పునాదియైనది.

సగ్రాదా ఫమీలియా నిర్మాణము 1882లో మరియొక శిల్పిచేత ఆరంభమై, 1883లో గౌడీ చేతికి వచ్చెను. భక్తుల విరాళములచేత సాగుచున్న ఆ పని తన జీవితకాలమున ముగియదని అతడెరుగును. అందుచే ఆలయమంతయు కొంచెము కొంచెముగ లేపక, క్రీస్తు జననమును చెప్పు ముఖభాగమును నిలువున పైదాక తెచ్చి, ముందుతరములకు ఒక మేలుబంతిగా నిలుప యత్నించెను. 1926లో ట్రాము ఢీకొని గౌడీ మరణించునాటికి ఒక్క గంటగోపురము మాత్రమే పూర్తియైనది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధము ఆరంభమైనపుడు అతని కార్యశాల తగులబడి, ప్లాస్టరు నమూనాలు ముక్కచెక్కలైనవి. తరువాతివారు ఆ ముక్కలను ఏరి, జోడించి, కొలతలు తీసికొని పనిని సాగించిరి. లోనికి పోయినచో స్తంభములు లేచి, పైన చెట్టుకొమ్మలవలె చీలి కప్పును మోయును. బరువెక్కువ మోయు స్తంభమునకు గట్టిరాయి, తక్కువ మోయుదానికి మెత్తనిరాయి వాడిరి గనుక స్తంభముల రంగులు వేరువేరు. తూర్పు కిటికీల గాజులు నీలము, పచ్చ. పడమటివి నారింజ, ఎరుపు. ప్రొద్దున పోయినవాడు చూచు ఆలయము వేరు, సాయంకాలము పోయినవాడు చూచునది వేరు. నిర్ణయింపబడిన నడిమి గోపురపు ఎత్తు 172.5 మీటర్లు, నగరమునానుకొనియున్న మొంజుయిక్ కొండకంటె అది కొంచెము తక్కువ. మానవుని కృతి దైవకృతిని మించరాదని గౌడీ తలంపు.

విరిగిన పలకల కథయు చెప్పవలసియున్నది. గౌడీ కట్టడములను చూచువారికి ముందు కంటబడునది పెంకుముక్కల చిత్రము. కతలానులు దానిని త్రెంకదీస్ అందురు. బల్లపరుపుగ నుండు పలకను వంపు తిరిగిన గోడపై అతికించిన అది అంటదు; ముక్కలు చేసినచో ఎట్టి వంపునైనను అనుసరించును. పనికిరాదని పారవేయు పెంకులు, పగిలిన గిన్నెలు ఈ విధముగ పనికివచ్చినవి. పార్క్ గ్వెల్ అను ఉద్యానమున సర్పమువలె మెలికలు తిరిగిన పొడవాటి ఆసనమును గౌడీ సహాయకుడైన జుజోల్ ఇట్టి ముక్కలతోనే అలంకరించెను. ఆ యాసనము చుట్టిన మైదానమునకు గచ్చు లేదు. వాననీరు ఇసుక, రాళ్ల పొరలలో ఇంకి, మైదానమును మోయుచున్న 86 స్తంభముల లోపలి గొట్టములగుండ దిగి, అడుగుననున్న తొట్టిలో చేరును. దాని పరిమాణము సుమారు 12 లక్షల లీటర్లు. నిండి పొర్లిన నీరు మెట్లపై నున్న ఆ ప్రసిద్ధమైన రంగుల మకరము నోటినుండి వెలువడును. సందర్శకులు ఛాయాచిత్రములు తీసికొను ఆ మకరము, నీటి యెద్దడి గల కొండమీద వానచుక్కను పోనీయక దాచుకొను యేర్పాటునకు చివరి కొస.

గౌడీ యొక్కడే బార్సిలోనా అనుకొనుట న్యాయము కాదు. అతని సమకాలికుడు లూయిస్ దొమెనెక్ ఇ మొంతనేర్. 1905 మొదలు 1908 వరకు అతడొక బృందగాన సంఘమునకై సంగీతభవనమును నిర్మించెను. స్థలము ఇరుకు సందుల నడుమ నున్నది; ఉక్కు చట్రముచే బరువును మోయించి, రెండు ప్రక్కల గోడలను గాజుతో నింపి, కప్పు నడుమ రంగుటద్దముల గుమ్మటమును లోనికి వ్రేలాడునట్లు అమర్చుటచే, పగలు దీపములక్కరలేక పాడుకొనగలిగిరి. అతడే 1902లో ఆరంభించిన సాన్ పావ్ ఆసుపత్రియందు రోగులను ఒకే పెద్ద భవనమున కుక్కక, తోటల నడుమ వేరువేరు మందిరములు కట్టి, వాటిని భూమిలోని సొరంగ మార్గములచే కలిపెను. ఎండయు సముద్రపుగాలియు చక్కగ చొచ్చునట్లు ఆ మందిరములను నగరపు వీథులకు ఏటవాలుగ త్రిప్పెను. గోడలకు పొదిగిన మెరుగు పలకలు కడుగుటకు సులువు. వాటిపై పూలు, పక్షులు మంచమునబడినవాని కన్నులకు ఊరట. రోగికి అందమైన గది యేల అను ప్రశ్నకు, అందము వైద్యములో భాగమనుటయే ఆ శిల్పి సమాధానము. 2009 వరకు అచ్చట చికిత్స జరుగుచుండెను. పిమ్మట ఆసుపత్రి ప్రక్కనే కట్టిన క్రొత్త భవనమునకు మారెను.

పాతనగరమున శాంత మరియ దెల్ మార్ అను దేవాలయము మరియొక పాఠము చెప్పును. 1329లో శంకుస్థాపన జరిగి, అర్ధశతాబ్దికి పైగా సాగిన నిర్మాణమున, రేవులో మూటలు మోయు కూలీలు మొంజుయిక్ కొండనుండి రాళ్లను వీపులపై మోసితెచ్చిరి. ముఖద్వారపు తలుపులపై రాయి మోయుచున్న కూలివాని చిన్న కంచు బొమ్మ కలదు. దానిని వెదకి చూడని యాత్రికులే యెక్కువ. రాజులకును మతగురువులకును కాక ఒక హమాలీకి దేవాలయ ద్వారమున స్థానమిచ్చిన జాతి హృదయము ఆ జానెడు బొమ్మలో తెలియుచున్నది.

ఇక మ్యూజియముల విషయము. మొంజుయిక్ కొండపై కతలోనియా జాతీయ కళాసంగ్రహాలయమున, పిరెనీస్ పర్వతలోయలలోని చిన్న గుడులనుండి తెచ్చిన కుడ్యచిత్రములున్నవి. వాటిలో మేటి, 1123లో ప్రతిష్ఠింపబడిన తావుల్ గ్రామపు శాంత్ క్లిమెంత్ గుడిలోనిది. 1919 ప్రాంతమున విదేశపు కొనుగోలుదారులు ఇట్టి చిత్రములను కొని తరలింపబూనగా, అట్లు పోయినది ఒకటి నేడు అమెరికాలోని బోస్టన్ మ్యూజియమున నుండగా, మిగిలినవానినైన కాపాడుకొనవలెనని బార్సిలోనా పెద్దలు నిశ్చయించిరి. చిత్రముపై జిగురు పూసిన గుడ్డ నంటించి, ఆరిన పిమ్మట మెల్లగ లాగినచో, రంగు పొర గుడ్డకు అంటుకొని గోడనుండి విడివడును. దానిని చుట్టచుట్టి, కంచరగాడిదలపై కొండలు దింపి తెచ్చి, గుడి గర్భభాగపు వంపునకు సరిగ కొయ్యతో చట్రము కట్టి దానిపై మరల అంటించిరి. ముందువైపున క్రీస్తు విశాలనేత్రములతో ఆసీనుడైయుండును. వెనుకకు పోయినచో పడవ పక్కటెముకలవంటి కొయ్యచట్రము కనబడును. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున అమరావతి స్తూపపు శిల్పఫలకములయెదుట నిలిచిన తెలుగువారికి ఈ దృశ్యము ప్రత్యేకముగ హృదయమునకు తాకును. రెండింటి కథలు వేరు. ఒకటి తన జాతి రాజధానికే చేరినది, మరియొకటి సముద్రములు దాటినది. కాని పుట్టినచోటు విడిచిన కళను చూచునపుడు, ఇది ఏ గోడపై నుండెను, ఏ దీపపు వెలుగున ప్రజలు దీనిని కొలిచిరి అని మనసున నిలుపుకొనుట చూచువాని బాధ్యత.

నేడు తెలుగుదేశమునుండి చదువునకును ఉద్యోగమునకును వేలకొలది యువకులు, యువతులు పరదేశములకు పోవుచున్నారు. వారికి నేను వినయముగ చెప్పదలచునది ఇది. ఉన్న నగరములో ఒక్క వీథినైన మీదిగా చేసికొనుడు. ఎండ మారిన కొలది అది ఎట్లు మారునో ప్రొద్దుననొకమారు, సాయంకాలమొకమారు చూడుడు. తలుపు పిడిని పట్టుకొనునపుడు అది చేతికి ఎట్లమరెనో గమనింపుడు. మ్యూజియములు అనేకము నెలకొకనాడైన ఉచితముగ తెరచియుంచును. బార్సిలోనాలో ప్రతి అక్టోబరు మాసమున ఒక శని ఆదివారములందు సామాన్యముగ మూసియుండు ఇండ్లు, భవనములు జనులకై తెరచెదరు, ఇట్టి యేర్పాటు ఇతర నగరములందును కలదు. ఒక మ్యూజియములో ఒకపూట రెండు మూడు వస్తువులకు మించి చూడకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, అందముగ తోచినదానినెల్ల "ఇది ఎవరి కొరకు, ఏ యవసరమునకు ఇట్లు చేసిరి?" అని అడుగుడు. వెలుతురు బావియొక్క నీలిమకును, విరిగిన పెంకునకును, కోసిన వీథి మూలకును, ఆసుపత్రి గోడమీది పూవునకును సమాధానమున్నది. ఆ సమాధానమున తప్పక ఒక మనుష్యుడున్నాడు. చదువుకై పోయిన బిడ్డ డిగ్రీతోపాటు ఈ యడుగు అలవాటును కూడ నేర్చినచో, ఏ దేశమున నిలిచినను అతడు అతిథిగ మిగిలిపోడు. ఇల్లు కట్టుకొనునాడు, ఊరి వీథిని గూర్చియో బడి గదిని గూర్చియో మాటాడవలసిననాడు, గాలి ఎటు వీచును, ఎండ ఎందు పడును, ఎవరి చేయి దీనిని తాకును అని ముందుగా ఆలోచించు పౌరుడగును. కళను చూచుటవలన కలుగు ఫలములలో ఇంతకు మించినదానిని నేనెరుగను.